పదకొండులో తొమ్మిది

బాగలూరు,
ఫిబ్రవరి 6.

అక్కా, మన పవిత్ర చేసిన మందు గెలిచింది! ఎలుకల ఒంట్లో గడ్డలు కరిగిపోయినాయి!

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఇది చదువు. ఆత్రంలో అక్షరాలు వంకరపోతే నవ్వొద్దు. ఆదివారం తప్ప హోసూరు నుంచి కదలని బిడ్డ నిన్న బుధవారం సాయంత్రం వచ్చి తోట గేటు దగ్గర నిలబడింది. ఏమైందోనని పని వదిలేసి పోయినాను. చెప్పులు కూడా విడవకుండా, "నాయనా, పనిచేసింది!" అనింది.

"ఏం పనిచేసిందమ్మా, బండా?" అన్నాను. దాని స్కూటీ వారం నుంచి మొండికేసి ఉంది కదా.

"బండి కాదు నాయనా, మందు!" అని నా రెండు చేతులూ పట్టుకుని తిప్పేసింది. డెబ్బై ఏండ్ల వాణ్ణి, చామంతి మడుల మధ్య గిర్రున తిరిగినాను. పనోళ్ళు పూలు కోసేది ఆపి చూసినారు. చూడనీ.

ఏడేండ్లక్కా! ఏడేండ్లుగా ఆ ల్యాబులో తల వంచుకుని చేసిన పని. నాకు ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు, నిన్న అర్థమైంది. విను. ఈ మందు ఒంట్లోకి పోయి నిద్రపోతా ఉంటుంది. ఎవరినీ ఏమీ చేయదు. గడ్డ ఉన్న చోట ఎర్ర లైటు వేస్తారు. లైటు పడిన చోట మాత్రం మందు నిద్ర లేస్తుంది, లేచి గడ్డను తినేస్తుంది. లైటు పడని చోట అట్లే పడుకుని ఉంటుంది. జుట్టు రాలదు, నోరు పుండ్లు పడదు, వాంతులు ఉండవు. పవిత్ర వాళ్ళమ్మ, మా గౌరి పోయిన కాలంలో ఇది ఉండి ఉంటే! ఆమెకు ఇచ్చిన మందు గడ్డను కాల్చిందో లేదో తెలియదు గానీ మనిషిని మాత్రం కాల్చేసింది. ఆరేండ్ల పవిత్ర తలుపు సందులోంచి అంతా చూసింది. ఆ చూపే ఈ మందు అయిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు నీ సంగతి. డిసెంబరులో కృష్ణగిరి ఆసుపత్రిలో నీ నాలుక తీసేసినాక డాక్టరు "మళ్ళీ రాకుండా చూసుకోవాల" అన్నాడు కదా. ఇంక ఏ భయమూ లేదు. మన ఇంట్లోనే మందు పుట్టింది! మామిడికాయలు వచ్చేనాటికి నువ్వు లేచి తిరుగుతావు. అత్తిముగంలో రామచంద్రప్ప అన్నకు, చెల్లెలు నంజమ్మకు, ఈరప్ప మామకు, అందరికీ ఫోన్లు చేసి చెప్పేసినాను.

నీకూ ఫోనులోనే చెప్పేవాణ్ణి. కానీ నువ్వు తిరిగి మాట్లాడలేవు. నేనొక్కణ్ణే అరుస్తా ఉంటే అవతల నీ ఊపిరి మాత్రం వినపడుతుంది, నాకు ఏడుపొస్తుంది. అందుకే ఇన్లాండు కవరు తెచ్చినాను. పైగా నీ ఇంట్లో కొడుకు జయప్రకాశ్‌కు గానీ కోడలు ప్రేమకు గానీ తెలుగు చదవరాదు, నా బిడ్డకూ రాదు. బాగలూరు బడిలో ఐదో తరగతి దాకా దిద్దిన అక్షరాలు ఇప్పుడు మనిద్దరికే మిగిలినాయి.

గంజి తాగుతున్నావా? బదులు రాయి.

నీ తమ్ముడు,
శ్రీరామప్ప


సామల్పట్టి,
ఫిబ్రవరి 15.

శ్రీరామా,

నీ కవరు చేరింది. పైన అడ్రసు కూడా సంతోషంతో రాసినట్టున్నావు, ఊరి పేరు రెండుసార్లు ఉంది. పోస్టుమాను నవ్వుకుంటా ఇచ్చి పోయినాడు.

ఎలుకలు బాగుపడినందుకు చాలా సంతోషం. ఈ ఇంట్లో ఎలుకలకు కూడా ఆ మాట చెప్పినాను. తిట్టేదానికి నోరు లేకుండా పోయింది కాబట్టి ఇట్ల రాసి తీర్చుకుంటున్నా, ఏమనుకోవద్దు. ఇంట్లో పలక పెట్టుకున్నాను. ప్రేమకు తమిళంలో రాసి చూపిస్తాను, ఆమె నోటితో బదులు చెప్తుంది. వంటింట్లో ఉప్పు ఎక్కువైతే రాయడానికి బద్ధకమై ఊరుకుంటున్నా. అత్త మారిపోయిందని ఆమె అందరికీ చెప్పుకుంటోందంట. నలభై ఏండ్లు ఆకు వక్క పొగాకు నమిలిన నోరు ఇప్పుడు గంజికి కూడా లెక్క పెట్టుకుని తెరుచుకుంటుంది.

నీకు గుర్తుందా, గౌరి పోయినాక పవిత్రను నా దగ్గర వదిలినావు, నాలుగేండ్లు ఈడనే పెరిగింది. మా ఆయన రైలు పట్టాల పనికి పోయేటప్పుడు దాన్ని స్టేషను దాకా ఎత్తుకుపోయేవాడు. ఒకరోజు వచ్చి నన్నడిగింది, "అత్తా, అంత పెద్ద రైలు గదా, అంత చిన్న ఎర్ర లైటుకు ఎట్ల నిలబడిపోతుంది?" అని. నేనేం చెప్తాను? "భయం" అన్నాను. "కాదత్తా, లైటు ఏదో చెప్తాండాది దానికి" అనింది. ఆ మాట నీ కవరు చదివినాక గుర్తుకొచ్చింది. బిడ్డ గెలిచింది, ఆ సంతోషం నాకు చాలు.

ఒకటి మాత్రం అడుగుతా. ఆ మందు నాకు వస్తుందని పవిత్ర చెప్పిందా, నువ్వే చెప్పుకున్నావా?

ఊరంతా ఫోన్లు చేసినావు, సరే. ఇంక చాలు.

అంజనమ్మ


బాగలూరు,
మార్చి 3.

అక్కా,

పవిత్ర చెప్పిందా అని అడుగుతావేంటి! అది చెప్పేదేముంది, నేను దాని తండ్రిని, నాకు తెలియదా. "ఇంకా పరీక్షలున్నాయి నాయనా, పర్మిషన్లున్నాయి" అని ఏదేదో అంటా ఉంటుంది. చదువుకున్నవాళ్ళు అట్లే మాట్లాడతారు. దాని ముఖంలో నవ్వు నేను చూసినాను కదా!

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఈ కవరుతో పాటు మీ పక్క ఊత్తంగరై పోయే బస్సు కండక్టరు చేతికి ఒక నల్ల షీటు చుట్ట ఇచ్చినాను. జయప్రకాశ్‌ను స్టాండుకు పంపి తీసుకో. నీ గది కిటికీకి, తలుపుకు మేకులు కొట్టి కట్టించు.

ఎందుకంటే పవిత్ర మాటల్లో ఒకటి పట్టుకున్నాను. ఆ మందు ఎక్కించినాక మనిషి కొన్ని వారాలు ఎండ కంటబడకూడదంట, గదిలోనే ఉండాలంట. నేను ఆలోచించినాను. ఎక్కించినాక చీకటి మంచిదైతే, ఎక్కించక ముందు నుంచీ చీకటిలో ఉంటే ఇంకా మంచిదే కదా? నా చామంతులను చూడు. పగలు పొడుగైతే ఎంత ఎరువు పోసినా మొగ్గ వేయవు. సాయంత్రం ఐదుకే నల్ల షీటు కప్పి, పొద్దున ఎనిమిదికి తీస్తా ఉంటే, ఒక్క నెలకంతా మడి మడంతా ఒకేసారి మొగ్గ తొడుగుతుంది. చీకటి తిన్న మొక్కకే వెలుతురు పడుతుంది. ఒళ్ళు కూడా అంతే. నువ్వు ముందే చీకటికి అలవాటు పడి ఉంటే, ఆ ఎర్ర లైటు వేసిన రోజు ఒక్క దెబ్బకు పని అయిపోతుంది!

పవిత్రకు ఈ ఆలోచన చెప్పలేదు. పని అయినాక చెప్పి ఆశ్చర్యపరుస్తా. ఐదో తరగతి వాడికి ఇంత తెలుసా అనాల అది.

ఒక చిన్న సీసా తెచ్చి ఇవ్వమ్మా అని దాన్ని మెల్లిగా అడిగినాను. లేచి గిన్నెలు కడగడానికి పోయింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. పని ఎక్కువైనట్టుంది పాపం. తెస్తుందిలే.

చీకట్లోనే ఉండు. వాకిట్లోకి కూడా రావద్దు. నా మీద ఒట్టు.

శ్రీరామప్ప


సామల్పట్టి,
మార్చి 20.

శ్రీరామా,

షీటు వచ్చింది. కట్టించినాను. నువ్వు చెప్పినట్టే చీకట్లో ఉన్నాను. పగలు కూడా దీపం వెలుగులో రాయాల్సి వస్తోంది, అందుకే నాలుగు ముక్కలే రాస్తున్నా.

బయట ప్రేమ చింతపండు కొడుతోంది. గింజ రాలే చప్పుడు వినపడుతుంది. ఈసారి పులుపు బాగుందంట. వాసన చూస్తేనే నోరూరుతుంది, ఊరిన నీళ్ళు మింగేదానికి మాత్రం కొంచెం కష్టపడాల.

ఈ నెల పదో తేదీ కృష్ణగిరికి చూపించుకోవడానికి పోయి వచ్చినాను. అంతా మామూలే.

సీసా మాట బిడ్డను ఇంకోసారి అడగొద్దు. నేను గట్టిగా చెప్తున్నానని తెలియడానికి కింద గీత గీసినాను చూడు.

అంజనమ్మ


బాగలూరు,
ఏప్రిల్ 28.

అక్కా,

నువ్వు వద్దన్నా అడిగినాను. మనసు ఆగలేదు. జరిగింది రాస్తాను, తప్పెవరిదో నువ్వే చెప్పు.

పోయిన వారం అత్తిముగంలో రామచంద్రప్ప అన్న మనవరాలికి చెవులు కుట్టించినారు. అందరూ వచ్చినారు. నేను పోయి కూర్చున్నానో లేదో, భోజనాల్లో ఆకు ముందర అన్న అందరికీ వినపడేటట్టు అన్నాడు, "ఏమప్పా శ్రీరామప్పా, అంజనమ్మకు మందు ఎప్పుడు? లేకపోతే ఎలుకలకేనా అది?" పంక్తిలో అందరూ నవ్వినారు. ఈరప్ప మామకు చెవులు వినపడవు, అయినా అందరూ నవ్వుతుంటే ఆయన కూడా నవ్వినాడు. నంజమ్మ ఒక్కతే తల వంచుకుంది. నేను పాయసం వదిలేసి లేచి వచ్చేసినాను.

నేరుగా హోసూరులో పవిత్ర ఇంటికి పోయినాను. అది నన్ను చూసి సంగటి కెలికి పెట్టింది. నేను ముద్ద ముట్టలేదు.

"ఒక్క సీసా చాలమ్మా, మీ అత్తకు" అన్నాను.

"నాయనా, ఎలుకకు ఎంత పెట్టాలో మాకు తెలుసు. మనిషికి ఎంతో ఇంకా దేవుడికి కూడా తెలీదు."

"దేవుడికి తెలీకపోతే పోనీ, నీకు తెలుసు గదా."

"నాకూ తెలీదు నాయనా."

"మరి ఏడేండ్లు ఆడ ఏం చేసినట్టు నువ్వు?"

అది మొదట నవ్వింది అక్కా, తర్వాత కండ్లు తుడుచుకుంది. "మనుషులకు పెట్టేదానికి సర్కారు ఒప్పుకోవాల. ముందు ఇంకో రెండు మూడు రకాలుగా చూడాల. రెండేండ్లు పట్టచ్చు, మూడేండ్లు పట్టచ్చు. ఊరికే ఎత్తుకొచ్చి సూది వేసేది కాదు నాయనా" అనింది.

అప్పుడు నా నోరు నా మాట వినలేదు. "మీ అమ్మ పోయినాక నీ తల దువ్వింది ఎవరు? జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చుంది ఎవరు? ఆమె నోట్లో మెతుకు దిగలేదు, నువ్వు నాకు రూలు చెప్తావా? మందు తెచ్చేదాకా నా తోటలోకి అడుగు పెట్టొద్దు, పో!" అన్నాను. పో అన్నాను గానీ అది దాని ఇల్లే, అందుకని నేనే వచ్చేసినాను.

అది ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఆదివారం టిఫిన్ డబ్బా పంపించింది, తిప్పి పంపించేసినాను. డబ్బా పోయినాక గేటు దగ్గరే చాలాసేపు నిలబడినాను.

నేను చెప్పింది తప్పా? నువ్వు చీకట్లో కూర్చుని ఎదురు చూస్తా ఉన్నావు. నీ కోసమే కదా నేను...

ఇంక రాయలేను.

శ్రీరామప్ప


సామల్పట్టి,
మే 12.

శ్రీరామా,

ఈ కవరు కూర్చుని చదువు. పూల లోడు వచ్చిందని సగంలో లేవొద్దు. మూడు రోజులుగా కొంచెం కొంచెం రాసినాను.

ముందు నా తప్పు. నేను చీకట్లో లేను. నీ షీటు మొదటి వారమే విప్పించేసినాను. దాన్ని పరిచి దాని మీదే ప్రేమ చింతపండు కొట్టింది. మంచి షీటు, ఒక్క గింజ మట్టిలో కలవలేదు. నేను పొద్దున్నుంచి వాకిట్లో ఎండలో కూర్చుంటున్నా. నువ్వు ఒట్టు పెట్టినావని తెలిసే కూర్చున్నా. ఇప్పుడు ఒంటికి వేడి తగిలితేనే హాయిగా ఉంది. కోయంబత్తూరు రైలు పోయేటప్పుడు కిటికీల్లో ముఖాలు కనిపిస్తాయి, అవి లెక్క పెడతా ఉంటా.

రెండోది. మార్చిలో కృష్ణగిరిలో "అంతా మామూలే" అన్నారని రాసినాను. అది అబద్ధం. మెడలో గడ్డ మళ్ళీ వచ్చింది. ఊపిరితిత్తుల్లో కూడా పడిందంట. కోసేదానికి లేదు, మందు పెట్టేదానికి నా ఒళ్ళు తట్టుకోదు అన్నాడు డాక్టరు. నొప్పికి మాత్రం ఇస్తా ఉన్నారు. ఎన్నాళ్ళని జయప్రకాశ్ అడిగితే, మామిడికాయల కాలం దాటేది కష్టమన్నాడు. నీకు చెప్పొద్దని జయప్రకాశ్‌ను, పవిత్రను నేనే ఆపినాను. నువ్వు అంత సంతోషంగా రాస్తా ఉన్నావు. ఆ కవర్లు చదివేటప్పుడు నాకు జబ్బు లేనట్టే ఉండేది. స్వార్థం అనుకో. ఇంకో రెండు కవర్లు అట్లాంటివి చదవాలని ఆశపడినాను.

పవిత్ర నెలకు రెండుసార్లు ఈడికి వస్తోంది. నీకు చెప్పలేదు కదూ? వచ్చి నా తల దువ్వి పోతుంది. ఇప్పుడు తలలో దువ్వడానికి పెద్దగా ఏమీ లేదు, అయినా దువ్వుతుంది.

ఇప్పుడు చెప్పేది నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. అందుకే మన అక్షరాల్లో రాస్తున్నా. నువ్వు దాన్ని పో అన్న మూడో రోజు అది ఈడికి వచ్చింది. చేతిలో ఐసు డబ్బా. డబ్బాలో నల్ల కాగితం చుట్టిన చిన్న సీసా. ఇంకో సంచిలో లైటు. బిడ్డ ఎత్తుకొచ్చేసింది శ్రీరామా. నా చెవి దగ్గర వంగి, "అత్తా, నువ్వు ఊ అను. నేనే వేస్తా. ఏమైనా నాదే బాధ్యత" అనింది. దాని పండ్లు కటకటలాడుతున్నాయి, ఏప్రిల్ ఎండలో.

ఆ సీసాను అరచేతిలో పెట్టుకున్నాను. కంటి చుక్కల సీసా అంత ఉంది. ఆశ పుట్టలేదని అబద్ధం రాయను. చాలా ఆశ పుట్టింది. ఇంకో ఏడాది ఎండలో కూర్చోవచ్చు కదా అనిపించింది. నీతో ఒక్కసారి నోరారా కొట్లాడాలని అనిపించింది.

తర్వాత పలక తీసుకుని "ఎంత వేస్తావు?" అని రాసి చూపించినాను. బిడ్డ పలక మీద ఒక అంకె రాసింది, చెరిపేసింది. ఎక్కువైతే నేను పోతాను, పోయేదాన్నే కదా. కానీ ఎత్తుకొచ్చి మనిషికి వేసిందని తెలిస్తే ఆ పని అంతా ఆపేస్తారు. అప్పుడు నా వెనకాల వచ్చేవాళ్ళకు ఏం చెప్పాల? కృష్ణగిరిలో నా పక్క మంచం మీద ఇరవై నాలుగేండ్ల పిల్ల ఉండేది. నాలుక మీద ఉద్దిపప్పు గింజంత పుండు, అంతే. ఆ పిల్ల ఇంకా మాట్లాడుతుంది, పాడుతుంది కూడా. ఆమెకు రెండేండ్లు టైముంది. నాకు లేదు. అంతే తేడా.

పలక మీద రాసినాను: "ఎక్కడ నుంచి తెచ్చినావో ఆడ పెట్టెయ్. ఇప్పుడే పో." నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఐసు కరిగిపోతుందని నేనే లేపి బస్సెక్కించినాను. సీసా దాని చోటికి చేరిందని పక్కరోజు ప్రేమ ఫోనుకు ఒక్క మాట పంపించింది, "పెట్టేసినా అత్తా" అని. ఈ సంగతి నీకు తెలుసని బిడ్డకు ఎప్పుడూ తెలియనీయొద్దు.

ఇంకోటి కూడా ఉంది, ఇది మంచిదే. మార్చిలో నా మెడలో ముక్క తీసి పరీక్షకు పంపినారు. అప్పుడు ఒక నర్సమ్మ కాగితం తెచ్చి, మిగిలిన ముక్కను మందులు కనిపెట్టే వాళ్ళకు ఇస్తారా అని అడిగింది. యాడికి పోతుందమ్మా అని రాసి అడిగితే, హోసూరు ల్యాబు ఒకటుంది, వెలుతురుతో లేచే మందంట అనింది. నేను తెలుగులో సంతకం పెట్టినాను. మొత్తం పదకొండు మందిమి ఇచ్చినామంట. ముక్కల మీద నంబర్లే ఉంటాయి, పేర్లుండవు. ఏది ఎవరిదో పవిత్రకు కూడా తెలియదు, తెలియకూడదంట. గాజు గిన్నెల్లో వాటిని బతికించి, మందు పోసి, లైటు వేసి చూస్తారంట. నేను పోలేని చోటికి నా ముక్క పోయింది. నాకది బాగుంది.

నీ మందు నాకు రాలేదని ఏడవద్దు. హోసూరు పో. బిడ్డతో మాట్లాడు. ఊరంతా ఫోన్లు చేసి నేను బాగుపడతానని చెప్పినావు కదా, ఆ మాట తీసుకునేది కూడా నువ్వే. నేను పలక పట్టుకుని అందరికీ చెప్పలేను.

చెయ్యి నొస్తోంది.

అక్క


బాగలూరు,
జూన్ 3.

అక్కా, పదకొండులో తొమ్మిది!

తొమ్మిది ముక్కల్లో గడ్డ చచ్చిపోయింది! లైటు వేయని చోట ఏమీ కాలేదు, వేసిన చోట చచ్చిపోయింది. ఎలుకలు కాదక్కా, మనుషులవి! నేను నా కండ్లతో చూసినాను.

ఈ కవరు పోస్టులో వేయడం లేదు. రేపు పొద్దున మొదటి బస్సుకు బయల్దేరి, కృష్ణగిరిలో మారి, నేనే తెస్తున్నాను. నీ ముందర నోరు తెరిస్తే ఏడుస్తానని తెలుసు. అందుకే రాసి తెచ్చి నీ చేతిలో పెడతాను. నువ్వు చదువుతా ఉంటే పక్కన కూర్చుంటాను, ఎండలోనే.

నీ కవరు వచ్చినాక మూడు వారాలు బదులు రాయలేదు. ప్రేమకు ఫోను చేసి నువ్వు ఎట్లుండావో అడుగుతా ఉన్నాను గానీ నీకు రాయడానికి చెయ్యి రాలేదు. మొదటి వారం నీ మీద కోపం. రెండో వారం నా మీద. మూడో వారం చామంతి మడికి నల్ల షీటు కప్పుతా కప్పుతా ఆడనే గట్టు మీద కూలబడి ఏడ్చినాను. పనోళ్ళు మళ్ళీ చూసినారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నిన్న హోసూరు పోయినాను. పవిత్ర తలుపు తీసింది. చిక్కిపోయింది. ఏం చెప్పాలో బస్సులో అంతా అనుకుంటా పోయినాను. చివరికి "ఆకలేస్తోందమ్మా" అన్నాను. సంగటి కెలికి పెట్టింది. ఈసారి తిన్నాను. తింటా ఉంటే నా తల మీద చెయ్యి పెట్టి, "నాయనా, అత్తకు టైముకు తేలేకపోయినాను" అనింది. "నువ్వు తేలేకపోవడమేంది తల్లీ, వెధవ మాటలన్నది నేను" అన్నాను. అంతే అక్కా. సీసా మాట నేను ఎత్తలేదు. అదీ ఎత్తలేదు.

తర్వాత నన్ను ల్యాబుకు తీసుకుపోయింది. తలకు నీలం టోపీ పెట్టి, అద్దానికి ఇవతల నిలబెట్టింది. లోపల చీకటి. బల్ల మీద చిన్న చిన్న గాజు గిన్నెలు. పైనుంచి ఎర్ర లైటు, చిటికెన వేలంత. సామల్పట్టి స్టేషను లైటు మాదిరే ఉంది. "రైలు ఎందుకు నిలబడుతుందో ఇప్పుడు తెలిసిందా తల్లీ?" అని అడిగినాను. అది నా వైపు తిరిగి చూసి, "ఆ మాట నీకెవరు చెప్పినారు?" అనింది. నవ్విందక్కా, చాలా రోజులకు.

"మీ అత్తది తొమ్మిదిలో ఉందా, మిగిలిన రెండులో ఉందా?" అన్నాను.

"తెలీదు నాయనా. తెలుసుకోకూడదు."

"నాకు తెలుసు" అన్నాను.

అది టోపీ తీసి నా జుట్టు సరిచేసింది.

ఈ ఫలితం చూపించి సర్కారుకు అర్జీ పెడతారంట. మనుషులకు పెట్టేది ఇంకో రెండేండ్లకు. నీ పక్క మంచం పిల్ల పేరేంటో అడిగి పెట్టు, నేను గుర్తు పెట్టుకుంటాను. అప్పటికి ఉంటే ఆ పిల్లకు కబురు నేను పంపుతా, లేకపోతే పవిత్ర.

ఆ షీటు తిరిగి ఇవ్వొద్దు. ప్రేమనే ఉంచుకోమను, వచ్చే ఏడాది చింతపండుకు పనికొస్తుంది. రేపు వచ్చేటప్పుడు షీటు కప్పని మడిలోవి, కాలం వచ్చి వాటంతట అవే పూసిన రోజాలు తెస్తాను. వాసన చూద్దువు, ముక్కును మాత్రం ఎవరూ కోయలేదు కదా.

నువ్వు చెప్పినట్టే, ఎవరెవరికి చెప్పినానో వాళ్ళందరికీ నేనే పోయి చెప్పాల. మాట మార్చడానికి కాదు, పూర్తిగా చెప్పడానికి. అక్క బాగుపడదు అని చెప్పి, వెంటనే పదకొండులో తొమ్మిది అని కూడా చెప్పాల. రెండూ ఒకే ఊపిరిలో. జాబితా రాసుకున్నాను, చూసి ఎవరినైనా మర్చిపోయి ఉంటే చెప్పు.

అత్తిముగం రామచంద్రప్ప అన్నకు. ఎలుకలకేనా అన్నాడు కదా, ఆకు ముందర కూర్చోబెట్టి చెప్పాల.

నంజమ్మకు. ఫోనులో కాదు. ఇంటికి పోయి, కొంగు కండ్లకు పెట్టుకోనిచ్చి చెప్పాల.

ఈరప్ప మామకు. ఆయనకు గట్టిగా అరిస్తేనే వినపడుతుంది. ఇంత మాట అరిచి ఎట్ల చెప్పాలో తెలియదు. పలక మీద రాస్తాను.

జయప్రకాశ్‌కు, ప్రేమకు. వాళ్ళకు నీ సంగతి తెలుసు, తొమ్మిది సంగతి తెలియదు. రేపు నీ ముందరే చెప్తాను.

గౌరికి. అది మాత్రం నా వల్ల కాదక్కా, నువ్వే చెప్పాల. నాకన్నా ముందు నువ్వే కలుస్తావు. జుట్టు రాలని మందు, నోరు కాల్చని మందు, నీ బిడ్డే చేసిందని చెప్పు. ఆడ నీకు మాట వస్తుంది. నోరారా చెప్పు.